మేడారం బండిలో ఎవరు ఎక్కడ?

రెండేళ్లకోసారి వచ్చే జాతర దగ్గర పడింది. రద్దీ మొదలుకాకముందే మేడారం పోయి సమ్మక్క సారలమ్మలకు మొక్కు చెల్లించి వద్దామని ఇంట్లో అనుకున్నారు. ఏడు సీట్ల బండి మాట్లాడాను. డ్రైవర్ పోను ఆరు సీట్లు: ముందు ఒకటి, మధ్యలో మూడు, వెనక రెండు. మేమూ ఆరుగురమే. బంగారం, అంటే మొక్కు బెల్లం, డిక్కీలో పడుతుంది. ఏ పేచీ లేకపోతే 6! (6 × 5 × 4 × 3 × 2 × 1), అంటే 720 రకాలుగా కూర్చోవచ్చు. మా ఇంట్లో పేచీ లేకుండా ఏదీ జరగదు.

పెద్దమామకూ చిన్నమామకూ పొలం ఒడ్డు పంచాయితీ. మాటల్లేవు, పక్కపక్కన కూర్చోరు. హన్మకొండలో నా దగ్గర లెక్కలు నేర్చుకునే ఇంటర్ పిల్లలైతే వెంటనే "ఖాళీల పద్ధతి సార్" అంటారు. మిగతా నలుగురిని ముందు కూర్చోబెట్టి, వాళ్ల మధ్యలో, చివర్లలో వచ్చే ఐదు ఖాళీల్లో ఈ ఇద్దరిని పెట్టడం: నలుగురికి 4! = 24, ఇద్దరికి 5 × 4 = 20, మొత్తం 24 × 20 = 480. ఒకే వరస బెంచీకి ఇది కరెక్టు. బండికి పనికిరాదు. ముందు సీటుకు పక్కన డ్రైవర్ తప్ప ఎవరూ ఉండరు, మధ్య వరసకూ వెనక వరసకూ సంబంధం లేదు. ఇక్కడ తీసివేతే దిక్కు. పక్కపక్క సీట్ల జతలు మధ్యలో రెండు, వెనక ఒకటి. మామలు జతలో అటూఇటూ మారతారు, మిగతావాళ్లు 24 రకాలు: 3 × 2 × 24 = 144. 720లో ఇవి పోతే 576. పగవాళ్లను విడదీయడం బెంచీ మీదకంటే బండిలోనే తేలిక!

ఇంకా ఉన్నాయి. అమ్మమ్మ మోకాళ్లు వంగవు, ముందు సీటు తప్ప కుదరదు. చిన్నమ్మకు పస్రా దాటగానే వాంతులు, మధ్య వరసలో కిటికీ పక్కనే కావాలి. ఆమె కూతురు, అంటే మా చెల్లె, తల్లి పక్కనుంచి కదలదు.

ఇప్పుడు ఆ 576 పట్టుకుని కిందికి దిగితే చిక్కే. ఎవరికి చోట్లు తక్కువో వాళ్లతో మొదలుపెట్టాలి. అమ్మమ్మకు ఒక్కటి. చిన్నమ్మకు రెండు కిటికీలు. చెల్లెకు నడిమి సీటు. మిగిలింది ఒక కిటికీ, వెనక రెండు సీట్లు. మనుషులం మామలిద్దరూ నేనూ. 6 రకాల్లో మామలిద్దరూ వెనక పడేవి 2, అవి తీసేస్తే 4. మొత్తం 1 × 2 × 1 × 4 = 8.

పరీక్షలో అంతవరకు రాస్తే చాలు. నేను ఎనిమిదీ కాగితం మీద వేసి చూశాను. ఎటు తిప్పినా ఒక మామ కిటికీ దగ్గర, ఇంకో మామ వెనక. ఏ షరతూ పెట్టనిది నేనొక్కడినే; ఎనిమిదింటిలోనూ నాకు వెనక సీటే, ఎవరో ఒక మామ పక్కన.