కప్ప అనుకున్నది

మా పెరటి వేపచెట్టు తొర్రలో ఒక గూబల జంట కాపురం ఉంది. సాయంత్రం అయిదున్నరకి బడి నుంచి వచ్చి స్కూటీకి స్టాండు వేసేసరికే రెండూ కరెంటు తీగ మీద కూర్చుని ఉంటాయి. నన్ను చూడగానే గుంజీలు తీస్తున్నట్టు ఒళ్ళు కిందికీ పైకీ ఊపుతాయి. ఆ తర్వాత వీధి కుళాయి దగ్గర బిందెల తగువే: చిర్‌ర్‌ర్, చీవక్, చీవక్. మా అత్తయ్య వీటిని ఏనాడూ గూబ అనలేదు. "గూబేంటే, పైడికంటి. పేరులోనే పైడి ఉంది, ఉండనీ" అంటుంది. ఇంగ్లీషువాళ్ళ స్పాటెడ్ ఔలెట్ ఇదే. నెత్తి మీద నూక చల్లినట్టు తెల్లచుక్కలు, పచ్చటి కళ్ళు.

మా పెరట్లో తిరిగే గూబజాతి ఇదొక్కటేనని రెండేళ్ళు నమ్మాను. ఏడో తరగతి పిల్లలకి గొప్పగా చెప్పాను కూడా.

రాత్రి పది దాటాక ఇంకో శబ్దం వచ్చేది. "వట్?" అంతే. ఎవరో ఏదో అడిగి జవాబు కోసం ఆగినట్టు. కాసేపాగి మళ్ళీ "వట్?" ఒక్కోరోజు పావుగంట పాటు అదే వరస. కప్ప అనుకున్నాం. ఫిబ్రవరిలో కప్పేంటి అని అనుమానం రాకపోలేదు గానీ, పక్కనే నీళ్ళ తొట్టి ఉంది కదా అని సరిపెట్టుకున్నాను. ఓ రాత్రి టార్చి పట్టుకుని తొట్టి చుట్టూ వెతకబోయి, నాచు మీద జారి మోకాలు చీరుకుపోయింది. కప్ప మాత్రం దొరకలేదు.

సంగతి తేల్చింది నూజివీడు దగ్గర మా చుట్టాల మామిడితోటకి కాపలా ఉండే తాత. ఫోన్‌లో రికార్డు చేసిన కూత వినిపిస్తే నవ్వాడు. "కప్పేంటి టీచరమ్మా, గూబ. రండి, పగలు అది పడుకునే చోటు చూపిస్తా."

చిన్నరసం చెట్టు కింద నిలబెట్టి కర్రతో పైకి చూపించాడు. నాకు కనిపించింది విరిగిన కొమ్మ మోడు. "అదే" అన్నాడు. అయిదు నిమిషాలు చూస్తే ఆ మోడుకి రెండు కొమ్ములొచ్చాయి. నిజానికవి కొమ్ములూ కావు, చెవులూ కావు, నిక్కబొడిచిన ఈకల కుచ్చులు. కళ్ళు గీతల్లా మూసి, ఒళ్ళు బిగబట్టి సన్నగా సాగి, కాండానికి ఆనుకుని ఉంది. రొమ్ము మీద పెన్సిలుతో గీసినట్టు సన్నటి నిలువు చారలు. గాలికి ఓ ఆకు వచ్చి వీపుకి తగిలినా కదల్లేదు. తాత చిన్నగా దగ్గాడు. అప్పుడు ఒక కన్ను సగం తెరిచింది.

డికాక్షన్ రంగు! దాదాపు నలుపు. పసుపు ఛాయే లేదు.

అత్తయ్య రోజూ అనే పేరులోనే గుర్తు ఉందన్నమాట. కన్ను పైడి రంగైతే పైడికంటి. ఇది ఇండియన్ స్కాప్స్ ఔల్. శాస్త్రీయనామం ఓటస్ బక్కమీనా. 1769లో పెన్నాంట్ అనే ఆయన ఈ పేరు పెట్టినప్పుడు, గుడ్లగూబని సింహళంలో పిలిచే 'బకమూణ' అన్న మాటనే తీసుకున్నాడు.

పైడికంటి 21 సెంటీమీటర్లు, ఇది 23 నుంచి 25 అని పుస్తకాల్లో ఉంటుంది. చీకట్లో టేపు పెట్టి కొలిచేదెవరు? నాకు వేళలే నమ్మకం. దీపాలు పెట్టకముందే బయటికొచ్చి గోల చేస్తే పైడికంటి. రెండోది బాగా చీకటి పడితే గానీ కదలదు, తొందరగా కంటపడదు. తిండి దగ్గర పెద్ద తేడా లేదు, రెండూ పేడపురుగులు, బల్లులు, చిట్టెలుకలు తింటాయి. అరగనివి గూబలు ఉండలుగా కక్కేస్తాయి; వేపచెట్టు కింద దొరికే ఆ ఉండల్ని పుల్లతో విడదీస్తే నల్లగా మెరిసే పురుగు రెక్కలు, ఒక్కోసారి చిట్టెలుక దవడ.

ఏడో తరగతి వాళ్ళకి తప్పు ఒప్పుకున్నాను. అత్తయ్యకి మాత్రం చెప్పలేదు. పైడికంటి వేరు, గూబ వేరు ఆవిడకి. మొన్న రాత్రి పక్కింటి మామిడిచెట్టులోంచి "వట్?" అని వినపడగానే పక్క మీద లేచి కూర్చుంది.

"కప్ప అరుస్తోందే, వానొచ్చేట్టుంది. మేడ మీద వడియాలు తీసుకురా."

వెళ్ళి తెచ్చాను. ఆకాశం నిండా చుక్కలు.