ఒకటిన్నర పేజీకి ఏడు మార్కులు

స్పాట్ వాల్యుయేషన్ ముగించుకుని నిన్న రాత్రే గుంటూరు నుంచి విజయవాడ వచ్చాను. వేళ్ళకు అంటిన ఎర్ర సిరా ఇంకా పోలేదు. ఆరు రోజులు డిగ్రీ చరిత్ర పేపర్లు దిద్దాను. నాకిదే మొదటి స్పాట్. కోపం చల్లారకముందే రాసుకోవాలని పొద్దున్నే కూర్చున్నాను.

ఆర్డరు, కాలేజీలో రిలీవింగ్ లెటరు, క్యాంపులో పేరు రాయించుకోవడం, అన్నీ ఇబ్బంది లేకుండానే జరిగాయి. బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు రెండు ఎక్కువే పట్టుకెళ్ళండి, తప్పకుండా అడుగుతారు. రోజూ నెహ్రూ బస్టాండులో పొద్దున్నే బస్సెక్కి ఎండ ముదరకముందే క్యాంపులో ఉండేదాన్ని. పూటకో బండిల్ ఇచ్చేవారు. చిన్న ప్రశ్నలతో పేచీ లేదు, జవాబు ఉంటే మార్కు, లేకపోతే లేదు.

పేచీ అంతా పది మార్కుల వ్యాసంతోనే వచ్చింది. ప్రశ్న ఇది: ‘చీరాల–పేరాల ఉద్యమం కేవలం పన్నుల నిరాకరణేనా? విశ్లేషించండి.’

మూడో రోజు ఉదయం బండిల్‌లో రెండు పేపర్లు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. మొదటిది ఆరు పేజీలు. నీలం, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులతో ఉపశీర్షికలు, చుట్టూ గీత కొట్టిన మార్జిన్. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1889లో పుట్టడం, ఎడిన్‌బరోలో చదవడం, ఆయన కట్టిన వాలంటీర్ల దళం రామదండు, 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల తరువాత గాంధీ చీరాల రావడం, అన్నీ ఉన్నాయి. ఒక్కటే లేదు. ప్రశ్నలో ‘కేవలం’ అన్న మాట ఉందని ఆ ఆరు పేజీల్లో ఎక్కడా గుర్తించలేదు. ఐదు వేశాను.

రెండోది ఒకటిన్నర పేజీ. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఒక చోట ‘కాబట్టి’ అని రాసి, కొట్టేసి, ‘అయినా’ అని దిద్దుకున్నారు. అది చూసి ఆగాను. రాసేటప్పుడు ఆలోచన మలుపు తిరిగితేనే ఆ కొట్టివేత వస్తుంది. రెండూళ్ళను కలిపి మున్సిపాలిటీ చేశాక ఏటా 4,000 రూపాయలున్న పన్ను 40,000 దాకా పెరిగిందని ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే ప్రశ్న వేశారు: పన్నే బాధ అయితే కట్టం అని చెప్పి జైలుకు పోతే సరిపోయేది కదా, ఇల్లూ మగ్గమూ వదిలి ఊరి బయట రామనగరు అని పేరు పెట్టుకున్న పాకల్లో పదకొండు నెలలు ఎందుకున్నారు? మనుషులే లేని ఊరికి మున్సిపాలిటీ ఎందుకని ప్రభుత్వాన్ని అడగడానికే ఆ వలస, మా ఊరు పట్నమో పల్లెటూరో తేల్చాల్సింది మేమే అన్నదే అసలు గొడవ అని జవాబు. ఆ వెంటనే ‘అయినా’ దగ్గర ఇంకో మెట్టు ఎక్కారు. నాయకుడు జైలుకు వెళ్ళాక, డబ్బు అందక జనం తిరిగి ఇళ్ళకు రావలసి వచ్చింది, అంటే పన్ను మాట పూర్తిగా పక్కన పెట్టడానికీ వీల్లేదని ముగించారు.

ఎనిమిది వేశాను. అంత సంతోషంగా ఆ వారంలో ఇంకే మార్కూ వేయలేదు.

మధ్యాహ్నం చీఫ్ ఎగ్జామినర్ శాంపిల్‌గా తీసిన పేపర్లలో ఈ రెండూ ఉన్నాయి. ఆయన తన కుర్చీలోంచి హాలంతా వినపడేలా పిలిచారు. “మేడం, ఇదేంటండీ? ఆరు పేజీలకు ఐదు, ఒకటిన్నర పేజీకి ఎనిమిదా? మీరు చరిత్ర చెప్తారా, కవిత్వం చెప్తారా?”

నలభై మంది పెన్నులు ఆపి నా వైపు చూశారు. ప్రశ్నలో విశ్లేషించమని ఉందండీ అన్నాను. “మార్కులు ఎలా వేయాలో చెప్పే స్కీమ్‌లో ఎనిమిది పాయింట్లున్నాయి. ఎన్ని పాయింట్లుంటే అన్ని మార్కులు. పిల్లలు ఏం ఆలోచించారో మీకెందుకు?” అని మొదటి పేపరు మార్కును ఎనిమిది చేసి, రెండోది నాలుగు చేశారు. అంతటితో వదల్లేదు. బండిల్ మొత్తం మళ్ళీ దిద్దమన్నారు. అందరూ వెళ్ళిపోయాక అటెండరు లైట్లు తీస్తుంటే నేను ఇంకా దిద్దుతున్నాను. పదకొండేళ్ళుగా పాఠం చెప్తున్నాను. నా క్లాసులో చదివిన ఇద్దరు ఇవాళ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నారు. ఆ మాట ఆయనకు చెప్పాలనిపించింది కానీ గొంతు పెగల్లేదు. బస్సులో మంగళగిరి దాటేదాకా ఏడుపు ఆపుకోవడమే సరిపోయింది.

‘విశ్లేషించండి’ అని ప్రశ్న ఇచ్చి స్కీమ్‌లో సంఘటనల జాబితా పెడితే పిల్లలు గైడు బట్టీ పట్టక ఏం చేస్తారు? విద్యావేత్త బ్లూమ్ 1956లో చదువులో ఆలోచనకు వేసిన ఆరు మెట్లలో గుర్తుంచుకోవడం అట్టడుగున ఉంది, విశ్లేషణ నాలుగో మెట్టు. బి.ఎడ్. చదివిన ప్రతి ఒక్కరం పరీక్షలో ఇది రాసి పాసయినవాళ్ళమే. దిద్దడానికి కూర్చోగానే ఎందుకు మర్చిపోతాం?

కానీ ఆ సాయంత్రం బండిల్ మళ్ళీ దిద్దుతున్నప్పుడు నాకు ఇంకో సంగతి తెలిసింది, అదీ చెప్పాలి. ఇంచుమించు ఒకేలా ఉన్న నాలుగు వ్యాసాల్లో రెండింటికి ఆరు, రెండింటికి నాలుగు వేశాను. నాలుగు వేసిన రెండూ ఆ ఒకటిన్నర పేజీ జవాబు తరువాత వచ్చినవే. ఆ వెలుగులో అవి నాకు మసకగా కనిపించాయి. ఆ పిల్లలు చేసిన తప్పేమీ లేదు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లీషు పేపరును వందకు పైగా టీచర్ల చేత దిద్దిస్తే, నూటికి ముప్పై మార్కులకు పైగా తేడా వచ్చిందని చదివాను. అది ఎవరో ఎక్కడో చేసిన పొరపాటని అప్పుడు అనుకున్నాను. ఆ నాలుగు పేపర్లనూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చదివి, నాలుగింటికీ ఆరే వేశాను.

మర్నాడు పద్ధతి మార్చాను. బండిల్ రాగానే ముందు వ్యాసాలు ఒక్కటే వరసగా దిద్దడం, మొదటి పేజీలో వేసిన మార్కులు చూడకపోవడం. ఒక చీటీ మీద మూడు ప్రశ్నలు రాసుకున్నాను. అడిగినదానికే జవాబు చెప్పారా? చెప్పిన సంగతికీ, చేసిన వాదనకీ ముడి ఉందా? ఎదుటి వాదన ఏమిటో ఆలోచించారా? ఇవి చూశాకే సంవత్సరాలు, పేర్లు. తప్పు సంవత్సరం రాస్తే మార్కు తగ్గించాను కూడా, ఆలోచన పేరుతో ఏది రాసినా చెల్లుతుందని నేననను. భోజనం కాగానే మొదటి ఐదు పేపర్లు తప్పకుండా రెండోసారి చూడండి, నిద్రమత్తులో వేసిన మార్కు నిద్రమత్తులాగే ఉంటుంది.

నా బల్ల దగ్గరే తెనాలి నుంచి వచ్చిన పెద్ద మేడం ఉన్నారు. నా చీటీ చూసి, “ఆ ఒకటిన్నర పేజీ పేపరు ఇటివ్వమ్మా” అన్నారు. వేసిన మార్కులు కనపడకుండా మడిచి ఇచ్చాను. ఆవిడ చదివి ఏడు వేశారు. పక్కనున్న సార్ కూడా ఏడే అన్నారు. ఆరు పేజీల దానికి ఇద్దరూ ఆరు వేశారు. నేను ఐదు వేసి దాన్ని కాస్త తొక్కేశానని ఒప్పుకున్నాను, అంత శ్రద్ధగా పోగేసిన సంగతులకు ఆ విలువ ఉండాల్సిందే. ముగ్గురం కలిసి చీఫ్ దగ్గరికి వెళ్ళాం. మేడం కూర్చోకుండానే, “ప్రశ్నలో ‘కేవలం’ అని ఉంది సార్, స్కీమ్‌లో అది లేదు” అన్నారు. ఆయన ప్రశ్నాపత్రం తెప్పించుకుని చూశారు. కాసేపు మాట్లాడలేదు. తరువాత ఏడు, ఆరు వేసి సంతకం పెట్టారు. నా వైపు మాత్రం చూడలేదు. నలభై మంది ముందు అన్న మాటను నలుగురి ముందైనా వెనక్కి తీసుకోవాలి. తీసుకోలేదు.

మీకు స్పాట్ డ్యూటీ పడితే చీఫ్‌తో ఒక్కరే వాదించకండి. ఇంకో ఇద్దరి చేత చదివించి, ప్రశ్నాపత్రం చేతిలో పట్టుకుని వెళ్ళండి.

రెమ్యునరేషన్ అకౌంట్లో పడుతుందన్నారు, ఇంకా పడలేదు.

ఆ వ్యాసం రాసింది అబ్బాయో అమ్మాయో నాకు తెలియదు, నంబరున్న ముక్క చింపేసే మాకిస్తారు. కాలేజీ తెరవగానే మా రెండో సంవత్సరం పిల్లలకు ఈ ప్రశ్నే ఇస్తాను. ఒకటిన్నర పేజీ దాటకూడదని ముందే చెప్తాను.