ఫిలిం అంచున వంకర గీత

తిరుపతిలో దర్శనం ముందురోజే అయిపోయింది. ఖాళీగా గదిలో పడుకోబుద్ధి కాక, పొద్దున్నే కాట్పాడి వైపు వెళ్లే రైలెక్కి చిత్తూరులో దిగాను. చంద్రగిరి దాటాక కొండలు, పాకాల జంక్షన్‌లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. ప్రయాణం గురించి అంతకుమించి చెప్పడానికేం లేదు.

వెళ్లింది మా చిన్నాన్నకు తెలిసిన ఒక పెద్దాయన కోసం. ఎప్పుడో మూతపడ్డ ఒక సినిమా హాల్లో ఆయన ఆపరేటర్. హాలు పోయినా, 35 ఎం.ఎం. ప్రొజెక్టర్‌ని మాత్రం పాత ఇనప సామాన్లోకి పోనీకుండా తెచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డులో గోనెపట్టా కప్పి పెట్టుకున్నారు. పట్టా తీయగానే గుప్పున నూనె వాసన.

ఒక ఫిలిం ముక్క నా చేతికిచ్చి వెలుతురుకేసి పట్టుకోమన్నారు. ఒక్కో బొమ్మకి పక్కన నాలుగేసి చిల్లులు. ఎడిసన్ దగ్గర పనిచేసిన డిక్సన్ 1890లలో కుదిర్చిన కొలత అది. హాళ్లలోకి డిజిటల్ వచ్చేదాకా ప్రపంచమంతా దానిమీదే నడిచింది. చిల్లులకీ బొమ్మకీ మధ్య సన్నగా ఒక తెల్లటి గీత, అటూ ఇటూ వణుకుతూ కనిపించింది.

"పాటంతా దాంట్లోనే ఉండాది నైనా" అన్నారు.

ఆ గీత లావు సన్నాలను బట్టి దాంట్లోంచి దీపం వెలుగు ఎక్కువా తక్కువా పోతుంది. అవతల ఫొటోసెల్ ఆ తేడాను కరెంటుగా మారిస్తే, స్పీకర్లో గొంతు పలుకుతుంది. చిక్కల్లా ఒకచోటే. బొమ్మ దీపం ముందు సెకనుకు 24 సార్లు ఆగి ఆగి కదలాలి, లేకపోతే తెరమీద అలుక్కుపోతుంది. శబ్దానికేమో ఆగడం పనికిరాదు, సాఫీగా సాగాలి. అందుకని శబ్దాన్ని బొమ్మ దీపానికి కాస్త అవతల వేరేచోట చదువుతారు; మాటను దాని బొమ్మ పక్కన కాకుండా, దాదాపు 20 ఫ్రేములు ముందు అచ్చువేస్తారు. మధ్యలో ఫిలింని వదులుగా లూపులా వదలాలి. ఆయన ముక్కని పళ్లచక్రాల మీదకెక్కించి, ఆ లూపుని రెండు వేళ్లతో కొలిచి చూపించారు.

"ఇది సరిగ్గా లేకుంటే మాట ఒకపక్కా నోరొకపక్కా పోతాది. ఇంక కింద ఈలలే!"

సినిమా మైలురాళ్లంటే మనవాళ్లు రంగులూ పెద్ద తెరలూ చెబుతారు. 1963లో 'లవకుశ' రంగుల్లో వచ్చింది, 1974లో 'అల్లూరి సీతారామరాజు' సినిమాస్కోప్‌లో. గొప్పవే. కానీ నా లెక్కలో ఈ వంకర గీత ముందు అవి చిన్నవే. మాటల్లేని మూకీల్లో పాడేవాడికి పనేముంది? 1931లో దేశంలో తొలి టాకీ 'ఆలం ఆరా', మరుసటి ఏడు హెచ్.ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' వచ్చాకే రంగస్థలం వాళ్లకి సినిమా తలుపులు బార్లా తెరుచుకున్నాయి. తొలి తెలుగు టాకీ అయిన ఆ 'ప్రహ్లాద'లో ఆడిపాడింది సురభి నాటక సమాజం వాళ్లే కదా.

చిత్తూరు నాగయ్య వచ్చింది కూడా ఆ తలుపులోంచే. పుట్టింది రేపల్లె వైపు. ఈ చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకున్నారు, ఊరే ఆయన ఇంటిపేరైపోయింది. 1938లో 'గృహలక్ష్మి'తో ఆయన్ని తెరకెక్కించింది కూడా ఆ హెచ్.ఎం. రెడ్డే. 1946 నాటి 'త్యాగయ్య'కి నటన, దర్శకత్వం, సంగీతం మూడూ నాగయ్యవే. స్టూడియో ముఖం ఎరగని ఊరు, నాటకాల పుణ్యమా అని ఇంత పని చేసింది!

సాయంత్రం నాగయ్య కళాక్షేత్రం చూసొస్తూ దారిలో టీ తాగాం. ఎవరో హోటలాయన ఆ ప్రొజెక్టర్‌ని ముందు హాల్లో అలంకారానికి పెడతానని అడిగాడట, మంచి ధరే చెప్పాడట.

"మరేమన్నారు?" అన్నాను.

"బొమ్మ ఆడిస్తావా అనడిగినా. లేదన్నాడు. పో అన్నా."