బర్మా యుద్ధం నాటి జ్వరం

నాకు వచ్చిన జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంఫాల్ కొండల్లోనూ బర్మా అడవుల్లోనూ పోరాడిన సైనికులను నేలకూల్చిన జ్వరాల్లో ఇది ఒకటి. డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించే నేను ఆ యుద్ధాన్ని ఏటా పాఠంగా చెబుతూ వచ్చాను. దాని జ్వరం ఎలా ఉంటుందో ఒంటితో తెలుసుకున్నది నిరుడు వానాకాలం వెళ్లిపోయే రోజుల్లో.

చోడవరం దగ్గర మా అత్తగారి వాళ్లకు ఒక జీడిమామిడి తోట ఉంది. మోకాలెత్తు పెరిగిన గడ్డినీ తుప్పలనూ కొట్టించడానికి కూలీలతో పాటు నేనూ వెళ్లి, భోజనాల తర్వాత కాసేపు ఆ గడ్డి మీదే నడుము వాల్చాను. వారం దాటాక చలితో మొదలైంది. ఆ తర్వాత ఎడతెగని జ్వరం, కళ్ల వెనక పుట్టి మెడ దాకా పాకే తలనొప్పి, కిటికీ పరదా కొద్దిగా తొలగినా భరించలేని వెలుతురు. దగ్గర్లోని క్లినిక్‌లో మలేరియాకు, డెంగ్యూకు, టైఫాయిడ్‌కు పరీక్షలు చేసి, ఏదీ తేలకపోవడంతో వైరల్ జ్వరమని చెప్పి పారాసెటమాల్ ఇచ్చి పంపారు. జ్వరం దిగలేదు సరికదా, పొడి దగ్గు మొదలై, మంచం మీద నుంచి స్నానాలగది వరకు నడిచినా ఆయాసం వచ్చే స్థితికి చేరుకున్నాను. అప్పుడు మావారు, మా అబ్బాయి కలిసి నన్ను విశాఖపట్నం తీసుకువెళ్లి ఒక ఆసుపత్రిలో చేర్చారు.

అక్కడ ప్లేట్‌లెట్లు పడిపోయాయని, కాలేయం కూడా దెబ్బతింటోందని చెప్పారు. రాత్రి డ్యూటీలో ఉన్న ఒక చిన్న వయసు డాక్టరమ్మ నా మంచం పక్కన నిలబడి, “అమ్మా, ఈమధ్య పొలానికో తోటకో వెళ్లారా?” అని అడిగింది. వెళ్లానని మావారు చెప్పగానే తెర లాగి, నర్సు సాయంతో నా ఒళ్లంతా ఓపికగా వెతికింది. నడుము దగ్గర, లంగా బొందు బిగిసే చోట, సిగరెట్టుతో కాల్చినట్టు గుండ్రటి నల్లటి చెక్కు కట్టిన మచ్చ ఒకటి, దాని చుట్టూ ఎర్రటి వలయం కనిపించాయి. నొప్పి, దురద ఏమీ లేకపోవడంతో అది ఉన్నట్టే నాకు తెలియలేదు. ఎలీసా అనే రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఆమె ఆ రాత్రే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టించింది. నేను ఈ రోజు ఇది రాస్తున్నానంటే ఆమె ఓపికే కారణమని నా నమ్మకం.

ఈ జ్వరాన్ని మనిషికి అంటించేది ఎలుకల మీద, గడ్డిలో బతికే ఒక రకం నల్లి. ఇది మంచాల్లో ఉండే నల్లి కాదు, మైట్ అనే సూక్ష్మమైన పురుగు; పిల్ల దశలో ఉన్నప్పుడు మాత్రమే మనిషిని కుడుతుంది. కంటికి ఆనీ ఆననంత చిన్నదైన ఆ పిల్ల బట్ట బిగుతుగా ఉన్న చోటు వెతుక్కుని పట్టుకుంటుంది. నాకు లంగా బొందు దగ్గర కుట్టినట్టే సైనికులకు బెల్టు కింద, మేజోళ్ల అంచున కుట్టేది. బర్మా సరిహద్దు కొండల్లో పోడు కొట్టి వదిలేసిన భూములు, జనం పారిపోగా ఖాళీ అయిన ఊళ్లు ఎత్తైన గడ్డితో, ఎలుకలతో నిండిపోయి ఉండేవి. గుడారం వేయడానికి చదునుగా దొరికే చోట్లు అవే కాబట్టి సైన్యం అక్కడే ఆగేది; పగలంతా నడిచిన మనిషి నేల మీద రబ్బరు దుప్పటి పరచుకుని అక్కడే పడుకునేవాడు.

మందు ఎక్కిన మొదటి రాత్రుల్లో నిద్ర, మెలకువ కలిసిపోయి ఉండేవి. సెలైన్ సీసా కిందికి దిగుతుంటే, తడిసిన దుప్పటి మార్చమని నేను అడగకుండానే నర్సు మారుస్తుంటే, అదే జ్వరంతో నీళ్లు నిండిన కందకంలో కూర్చున్న మనిషి నా ఆలోచనల్లోంచి కదిలేవాడు కాదు. 1944 మార్చిలో జపాన్ సైన్యం ఇంఫాల్, కోహిమాల మీదికి వచ్చింది. మే నెలలో వానలు దిగినా యుద్ధం ఆగలేదు. జపాన్ సేన వెనుదిరిగాక కూడా బ్రిటిష్ వారి పద్నాలుగో సైన్యానికి అధిపతి అయిన విలియం స్లిమ్ వర్షాకాలం పోయేదాకా ఆగకుండా తన దళాలను తిద్దిం బాట వెంట, మలేరియాకు పేరుమోసిన కబా లోయ వెంట ముందుకు నడిపించాడు. ఆరని బట్టలు, నానిపోయి చర్మం ఊడే పాదాలు, రక్తవిరేచనాలు, జలగలు, మోకాలి లోతు బురద. ఆ సైన్యంలో అత్యధికులు భారతీయులే. రోడ్లు వేసి వంతెనలు కట్టిన మద్రాసు సాపర్లలో మన తెలుగువారు కూడా ఉన్నారు.

వాళ్లకు ఈ జ్వరం వస్తే మందు లేదు. అప్పటికే వాడుకలోకి వచ్చిన సల్ఫా మాత్రలు గానీ, పెన్సిలిన్ గానీ ఈ క్రిమి మీద పనిచేయవు. మంచం, కదలకుండా విశ్రాంతి, చెంచాతో గంటగంటకూ పట్టే నీళ్లు, ఒళ్లు తుడిచి పక్క మార్చే నర్సు, ఇదే అప్పటి చికిత్స అంతా. రెండు వారాలకు పైగా జ్వరం తనంతట తాను కాగి దిగాలి, లేదా మనిషి పోవాలి. చనిపోయిన వారి శాతం ఒక చోట 1 లోపు ఉంటే, మరో చోట 30 దాటింది. నా చేతికి సూది ఉండగా నీళ్ల గ్లాసు పట్టుకోలేకపోతే మా చెల్లెలు పక్కన కూర్చుని బార్లీ నీళ్లు పట్టేది; గుక్క మింగడం కూడా ఒక పనిగా తోచిన ఆ రోజుల్లో, మనిషి తోడు చికిత్సలో ఎంత భాగమో నాకు బాగా అర్థమైంది.

స్క్రబ్ టైఫస్ కంటే మలేరియా చాలా ఎక్కువ మందిని పడగొట్టింది. 1943లో గాయాలతో వెనక్కి పంపిన ఒక్కొక్క సైనికుడికి జబ్బుతో పంపినవారు 120 మంది ఉన్నారని, ఏడాదికి సైన్యం మొత్తం బలంలో 84 శాతానికి సమానంగా మలేరియా కేసులు వచ్చేవని స్లిమ్ రాశాడు. మలేరియా మందు క్వినైన్ ఎక్కువగా జావా నుంచే వచ్చేది; 1942లో జావా జపాన్ వశమయ్యాక అది దొరకడం గగనమైంది. దాని బదులు మెపాక్రిన్ మాత్ర వచ్చింది. చర్మం పసుపు రంగుకు తిరిగేది. మగతనం పోతుందన్న పుకారు కూడా పుట్టడంతో చాలామంది నోట్లో వేసుకున్నట్టే వేసుకుని ఉమ్మేసేవారు. దళాల్లో ఆకస్మికంగా రక్తపరీక్షలు చేయించి, మాత్రలు సరిగా మింగించలేదని తేలిన ముగ్గురు కమాండింగ్ అధికారులను స్లిమ్ పదవుల నుంచి తప్పించాడు. రోగిని వందల మైళ్లు దూరం పంపి నెలల తరబడి పోగొట్టుకునే బదులు, యుద్ధరంగానికి దగ్గరలోనే చికిత్సా శిబిరాలు పెట్టించాడు. ఆ నిర్ణయం సేనాధిపతిగా ఆయన చేసిన గొప్ప పనుల్లో ఒకటని నేను తరగతిలో చెబుతుంటాను.

ఎదుటి పక్షం సైనికుల సంగతి ఇంకా దారుణం. సుమారు మూడు వారాల తిండి మాత్రమే వెంట ఇచ్చి, మిగతాది శత్రువు గిడ్డంగుల్లో దొరుకుతుందన్న భరోసాతో జపాన్ సేనాని ముతాగుచి వారిని కొండలు దాటించాడు. కోహిమాలో తిండి అయిపోయి, పంపమని ఎన్నిసార్లు అడిగినా రాకపోవడంతో సాతో అనే సేనాని పైవారి ఆజ్ఞను కాదని తన డివిజన్‌ను వెనక్కి మళ్లించాడు. వానలో, ఆకలితో, విరేచనాలతో, జ్వరంతో ఆ బాట పొడవునా పడిపోయినవారు వేలమంది. జ్వరం తగ్గుముఖం పట్టాక నాకు పిచ్చి ఆకలి వేసేది. గంజి కోసం గడియారం చూసుకుంటూ పడుకున్న ఒక మధ్యాహ్నం, ఆ మనుషులకు జ్వరం దిగినా తినడానికి ఏమీ ఉండేది కాదన్న సంగతి మనసులో మెదిలి కళ్లనీళ్లు తిరిగాయి. వారు దురాక్రమణ సైన్యంలో భాగమన్నది నిజమే. అయినా ఆ దుఃఖాన్ని నేను ఆపుకోదలచుకోలేదు.

ఈ జ్వరానికి మొదటిసారి సరైన మందు దొరికింది 1948లో, మలయాలో. అమెరికన్ పరిశోధకుడు జోసెఫ్ స్మేడెల్ బృందం కౌలాలంపూర్‌లో క్లోరాంఫెనికాల్ ఇచ్చి చూస్తే రోగులు వేగంగా కోలుకున్నారు. యుద్ధం ముగిసి అప్పటికి మూడేళ్లయింది. అదే ఏడాది, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాలో గుర్తించిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. నా నరంలోకి ఎక్కించిన డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తర్వాత వచ్చింది. సుబ్బారావుగారు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. డిశ్చార్జి కాగితంలో మందు పేరు చదివినప్పుడు ఆయన గుర్తొచ్చి చేతులు జోడించాను.

డాక్సీసైక్లిన్ పడితే సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుందంటారు. నాకూ అలాగే దిగింది. ఊపిరితిత్తుల్లో చేరిన నెమ్ము తగ్గడానికి మాత్రం ఇంకొంత కాలం పట్టింది. ఇంటికి వచ్చాక నీరసం చాలాకాలం వదల్లేదు. కుడిచెవి కొన్నాళ్లు సరిగా వినిపించలేదు, జుట్టు బాగా రాలింది, మేడ మెట్లు సగం ఎక్కి కూర్చుండిపోయేదాన్ని. ఈ జబ్బు తర్వాత ఇవి మామూలేనని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. జ్వరం నుంచి లేచిన సిపాయి ఈ కాళ్లతోనే మళ్లీ బరువైన సంచీ, తుపాకీ ఎత్తుకుని కొండెక్కాలి కదా అని ఆ మెట్ల మీద కూర్చుని అనుకునేదాన్ని.

ఆ యుద్ధంలో ఆస్ట్రేలియా సైన్యం న్యూగినీలో డైబ్యూటైల్ థాలేట్ అనే ద్రవాన్ని సైనికుల బట్టలకు చేతులతో రుద్దించి నల్లి కాటును చాలావరకు అడ్డుకుంది. మాకు అందుబాటులో ఉన్నవి అంతకంటే సులువైనవి. ఈ ఏడాది తుప్పలు కొట్టే పనికి వచ్చిన కూలీలందరికీ పొడుగు చేతుల చొక్కాలు, బూట్లు కొనిచ్చాం. గడ్డి మీద కూర్చోకుండా తోటలో రెండు సిమెంటు అరుగులు కట్టించాం. పని నుంచి వెళ్లగానే స్నానం చేసి ఆ బట్టలు వేడినీళ్లలో ఉతుక్కోమని, రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే చంకల్లో, నడుము మడతల్లో, తొడల సందుల్లో నల్లమచ్చ ఉందేమో చూసుకుని తోటకు వెళ్లిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పమని ఒక్కొక్కరికీ వివరించాను. ఊళ్లోని ఆశా కార్యకర్తకు నా మచ్చ ఫొటో ఇచ్చాను. జ్వరమని వచ్చినవాళ్లకు ఆమె దాన్ని ఫోనులో చూపిస్తోంది.