సీలేరు నీళ్ళు వచ్చే చోటు

ఫిబ్రవరి వచ్చిందంటే మా గోదావరి కాలువ కింద దాళ్వా, అంటే రబీ వరి, వేసిన రైతులందరిదీ ఒకటే మాట: "సీలేరు నుంచి నీళ్ళొదిలారంటా?" అప్పటికి గోదావరిలో సహజంగా వచ్చే నీరు బాగా తగ్గిపోతుంది. మాది శివారు భూమి, కాలువ చివరన ఉంటుంది. వంతులవారీగా నీళ్ళిచ్చే రోజుల్లో నాన్న టార్చిలైటు పట్టుకుని పొలానికి నీళ్ళొచ్చే బోదె గట్టు మీదే రాత్రంతా ఉండేవాడు. ఆ మాట వింటూ పెరిగానే గానీ సీలేరు ఎక్కడుందో, ఆ నీళ్ళు ఎవరు ఆపుతారో, ఎవరు వదులుతారో నాకు తెలియదు. డెబ్బై దాటిన నాన్న కూడా ఎప్పుడూ చూడలేదు. అందుకే ఈసారి ఫిబ్రవరిలోనే ఇద్దరం బయల్దేరాం. మా గమ్యం సీలేరు నది మీద కట్టిన డొంకరాయి జలాశయం. పేపర్లో జలాశయాల నీటిమట్టాలు వేస్తే చివర కనిపించే పేరు అది.

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి, ఆ తర్వాత ఘాట్ దిగి చింతూరు వైపు వెళ్ళి మోతుగూడెం దారి పట్టాం. మారేడుమిల్లి దాటాక పొగమంచు ఎంత దట్టంగా పట్టిందంటే, ముందు వెళ్ళే లారీ వెనక లైట్లు తప్ప ఏమీ కనపడలేదు. మలుపు మలుపుకీ నాకు టెన్షన్. నాన్న మాత్రం దారిలో తగిలిన వాగులన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

డొంకరాయి ఆనకట్టని నాగార్జునసాగర్‌తో పోల్చుకుని వస్తే చిన్నదే అనిపిస్తుంది. కానీ జలాశయం అలా కాదు. కొండల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడికి నీళ్ళు చొచ్చుకుపోయాయి. అడవికీ నీటికీ మధ్య చుట్టూతా ఎర్రమట్టి చార ఒకటి. నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని, ఇప్పుడు దిగాయని ఆ చారే చెబుతోంది. గట్టు పక్కన గోడ మీద అడుగుల స్కేలు గీసి ఉంది. పూర్తి మట్టం 1,037 అడుగులు. ఆ రోజు నీరు 1,031 గీతకి కాస్త కింద ఆడుతోంది. చిన్న అల వచ్చినప్పుడల్లా గీత మునిగి తేలుతోంది. నాన్న జేబులోంచి చిన్న డైరీ తీసి ఆ అంకె రాసుకున్నాడు. పొలంలో నీరు బెత్తెడుందా జానెడుందా అని చూసే మనిషికి ఆ స్కేలు వదిలి రావడం కష్టమే అయింది.

పవర్‌హౌస్ చూడటానికి ముందే అనుమతి తీసుకున్నాం. ఫొటోలు తీయకూడదన్నారు. ఇక్కడ ఉన్నది ఒక్కటే యూనిట్, 25 మెగావాట్లు, 1983 నుంచి నడుస్తోంది. మన దేశంలో చిన్న జలవిద్యుత్ అని చెప్పుకునే పరిమితి కూడా సరిగ్గా 25 మెగావాట్లే. లోపలికి అడుగుపెట్టగానే చెవికంటే ముందు కాళ్ళకి తెలిసింది, చెప్పుల్లోంచి సన్నటి వణుకు. నాన్న రెయిలింగ్ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత అక్కడి ఇంజినీరుని అడిగాడు: "కరెంటు తీసేశాక ఈ నీళ్ళలో సారం ఉంటుందా అండీ? మా నాన్న ఉండదనేవాడు."

డెల్టా ఊళ్ళలో ఇలా అనుకునే పెద్దలు ఎందరో. ఇంజినీరు నవ్వలేదు, ఓపిగ్గా చెప్పారు. "మేం తీసుకునేది నీళ్ళు పడే ఊపుని మాత్రమే అండీ. నీళ్ళు ఎన్ని వచ్చాయో అన్నీ అలాగే కిందికి పోతాయి." సెకనుకి ఒక ఘనపు మీటరు నీరు ఒక మీటరు ఎత్తు నుంచి పడితే, లెక్క ప్రకారం వచ్చే శక్తి 9.8 కిలోవాట్లు. కాబట్టి ఎన్ని నీళ్ళున్నాయన్నది ఎంత ముఖ్యమో, ఎంత ఎత్తు నుంచి పడతాయన్నదీ అంతే ముఖ్యం. ఇక్కడ 25 మెగావాట్ల యంత్రాన్ని తిప్పిన నీళ్ళే పవర్ కెనాల్ ద్వారా పొల్లూరు వెళ్ళి, అక్కడి లోతైన దిగుడులో పడి 460 మెగావాట్ల కేంద్రాన్ని నడుపుతాయి.

ఆయన కాగితం మీద ఒక మెట్లదారి గీశారు. పైన జోలాపుట్టు జలాశయం, పూర్తి మట్టం 2,750 అడుగులు. అక్కడి నీళ్ళు 1955లో మొదలైన మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రాన్ని తిప్పి బలిమెల జలాశయానికి చేరతాయి. బలిమెల 1,516. అక్కడ ఒడిశాకి సగం, మనకి సగం. మన సగం సీలేరు దగ్గర గుంటవాడ జలాశయంలోకి, 1,360. అక్కడి నుంచి ఎగువ సీలేరు కేంద్రం తిప్పి డొంకరాయికి, 1,037. పొల్లూరు దాటాక శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో. మా బోదెలోకి రాకముందే ఆ నీరు నాలుగు చోట్ల పని చేసి వస్తోందన్నమాట. నాన్న ఆ కాగితం అడిగి తీసుకుని మడిచి డైరీలో పెట్టుకున్నాడు.

పంటకీ కరెంటుకీ ఎప్పుడూ ఒకే రోజున నీళ్ళు కావాలని లేదు. కరెంటు అవసరం తక్కువగా ఉన్న రోజుల్లో డెల్టా ఎండుతుంటే, యంత్రాలతో పని లేకుండా నేరుగా నదిలోకి వదలాల్సి వస్తుంది. విద్యుత్ వాళ్ళకి అది నష్టం, మాకు ఒక తడి. ఇన్నేళ్ళు మేం "వదల్లేదు" అని తిట్టుకున్నామే గానీ, అవతల ఇలాంటి లెక్క ఒకటి ఉంటుందని ఆలోచించలేదు.

వచ్చే దారిలో నన్ను వదలకుండా పట్టుకున్నది బలిమెల సంగతి. ఆ జలాశయం నిండాక ఒడిశా వైపు దాదాపు 150 ఊళ్ళు మూడు వైపులా నీళ్ళు, ఒక వైపు కొండలతో తెగిపోయాయి. దశాబ్దాల పాటు ఆసుపత్రికైనా సంతకైనా పడవ ఎక్కాల్సిందే. వాళ్ళకి గురుప్రియ వంతెన వచ్చింది 2018లో. మా దాళ్వా పండిన ఏళ్ళన్నీ వాళ్ళు పడవ కోసం రేవులో కూర్చున్న ఏళ్ళే. ఈ మాట నాన్నకి చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చింతూరు దాటాక, "మనకెవరూ చెప్పలేదురా" అన్నాడు. ఆ నీళ్ళ మీద బతికినవాళ్ళం, ఆ నీళ్ళ కింద ఎవరి పొలాలు మునిగాయో అడగాల్సింది మేమే.

మర్నాడు ధవళేశ్వరం దగ్గర ఆగాం. బ్యారేజీ పైన నది అద్దంలా ఉంది. దానిలో డొంకరాయి నీరు ఎంతో, మిగతాది ఎంతో చూసి చెప్పలేం. నాన్న మాత్రం మెట్లు దిగి చేతిలోకి నీళ్ళు తీసుకుని, వాసన చూసి వదిలాడు.

నెల తిరక్కముందే నాన్న ఫోన్ చేశాడు. పలకరింపు కూడా లేదు. "పేపర్ చూశావా? డొంకరాయి 1,026కి దిగింది. పైన గుంటవాడలో ఎంతుందో వెయ్యలేదు, కాస్త కనుక్కో. మన వంతు మంగళవారం."