ఎక్కడ ఆగింది?

తొంభైల్లో మన నెల్లూరు కాలేజీలో చదివినవాళ్లకి మేడ మీది యూనిక్స్ (ఒక ఆపరేటింగ్ సిస్టమ్) ల్యాబ్ గుర్తుండే ఉంటుంది. ఏసీ ఉండేది కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడ చేరేవాళ్లకి కొదవలేదు. కావలి, గూడూరు నుంచి ప్యాసింజర్లో వచ్చేవాళ్లు సాయంత్రం రైలు టైమయ్యేదాకా అక్కడే ఉండేవాళ్లు.

అక్కడి సన్ కంపెనీ వర్క్‌స్టేషన్లకి (బల్ల మీది కంప్యూటర్లకి) సొంత హార్డ్ డిస్కు లేదు, ఫైళ్లన్నీ సర్వర్ అనే ఇంకో కంప్యూటర్ నుంచే తెచ్చుకోవాలి. స్విచ్ వేయగానే మిషన్ తన ఈథర్‌నెట్ అడ్రసు (హార్డ్‌వేర్ నంబరు) చెప్పి, నా ఐపీ (నెట్‌వర్క్‌లో నా నంబరు) ఏంది అని నెట్‌వర్క్ మీద కేకేస్తుంది. అదే ఆర్‌ఏఆర్‌పీ. జవాబొస్తే టీఎఫ్‌టీపీ అనే ఫైళ్లు తెచ్చే పద్ధతితో బూట్ ప్రోగ్రాం తెచ్చుకుంటుంది. సర్వర్లో ఆ ఫైలుకి పేరు ఐపీనే, హెక్సాలో (పదహారు అంకెల లెక్కలో): 192.168.1.5 అయితే సీ0ఏ80105. ఆ తర్వాత రూట్ (మిషన్ ఫైళ్లన్నిటికీ మొదలు డైరెక్టరీ), స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే చోటు) ఎక్కడున్నాయో బూట్‌పారామ్స్ అనే సర్వీసు చెప్తుంది. రూట్ ఎన్‌ఎఫ్‌ఎస్‌తో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతితో) మౌంటయ్యాకే, అంటే మిషన్‌కి అందాకే, ఆర్‌సీ.బూట్, ఆర్‌సీ, ఆర్‌సీ.లోకల్ అనే స్క్రిప్టులు (కమాండ్ల జాబితాలు) వరసగా నడుస్తాయి.

"సార్, మిషన్ రావట్లేదు" అని పరిగెత్తుకెళ్తే ల్యాబ్ సార్ అడిగేది ఒకటే, "ఎక్కడ ఆగింది?" ఏమో సార్ అన్నామా, ఆయన కుర్చీలోంచి లేచేవారు కాదు. అప్పట్లో ఒళ్లు మండేది కానీ, స్క్రీన్ మీద ఆఖరి లైను చదవడం అలాగే అలవాటైంది.

ఆర్‌ఏఆర్‌పీ దగ్గర టైమవుట్ అయి వరసంతా పడిపోతే ముందు బల్లల కింద దూరేవాళ్లం. సన్న కోయాక్స్ కేబుల్ చివరి 50 ఓమ్‌ల టెర్మినేటర్ ఎవరి కాలో తగిలి ఊడి ఉండేది, దాంతో కేబులంతా పనిచేసేది కాదు. ఒక్క మిషనే రాకపోతే సర్వర్లో ఏ ఈథర్‌నెట్ అడ్రసు ఏ మిషన్‌దో రాసుండే ఈథర్స్ ఫైలు చూడాలి. ఒకసారి ఫైలు బాగానే ఉంది, మిషనే తన అడ్రసు మర్చిపోయింది! బోర్డు మీద ఆ అడ్రసు దాచుకునే ఎన్‌వీర్యామ్ చిప్పులో బ్యాటరీ అయిపోయి, అడ్రసంతా ఎఫ్ఎఫ్‌లే చూపిస్తోంది.

బాగా తిప్పలు పెట్టింది మాత్రం ఒక స్క్రిప్టు. సెలవుల తర్వాత ఒక మిషన్ రూట్ దాకా వచ్చి, "క్యాట్: నాట్ ఫౌండ్" అంటోంది. ఫైలు చదివి చూపించే అంత మామూలు కమాండు లేకపోవడమేంది? ఆ మిషన్ల ఆపరేటింగ్ సిస్టమ్ సన్‌ఓఎస్ 4లో కమాండ్లుండే బిన్ డైరెక్టరీ అంటే యూఎస్ఆర్‌లోని బిన్‌కి లింకే. ఆ యూఎస్ఆర్ కూడా సర్వర్ నుంచే రావాలి. అది మౌంటయ్యేదాకా చేతిలో ఉండేవి రూట్‌లోనే ఉండే ఎస్‌బిన్‌లోని షెల్ (కమాండ్లు నడిపేది), మౌంట్, ఇఫ్‌కాన్ఫిగ్ లాంటి కొద్దిపాటివే. అందుకే సన్ వాళ్లు ఆర్‌సీ.బూట్‌లో షెల్ లోపలే ఫైలు చదివే షక్యాట్ అనే చిన్న ఫంక్షన్ రాసుకున్నారు. దాన్ని ఎవరో అచ్చుతప్పు అనుకున్నట్టున్నారు, క్యాట్ అని దిద్దేశారు. దాంతో పేరున్న ఫైలు చదవలేక మిషన్ హోస్ట్‌నేమ్ (పేరు) ఖాళీ!

డిస్కు లేకపోవడంలో సుఖం అప్పుడే తెలిసింది. లేవని మిషన్ రూట్ అంతా సర్వర్లో ఎక్స్‌పోర్ట్ అనే డైరెక్టరీ కింద మామూలు డైరెక్టరీగా పడి ఉంటుంది. పక్క మిషన్ ఆర్‌సీ.బూట్‌తో డిఫ్ (రెండు ఫైళ్ల తేడాలు చూపే కమాండు) కొడితే తేడా ఆ పదం దగ్గరే. సర్వర్లోనే వీఐ ఎడిటర్లో దిద్ది మిషన్ ఆన్ చేస్తే లాగిన్ వచ్చేసింది.

సార్ అంతటితో వదల్లేదు. "యూఎస్ఆర్ మౌంటయ్యేదాకా క్యాట్ లేదు, ముట్టుకోవద్దు" అని ఆ లైను పైన కామెంట్ రాయించారు. ఒక్కో మిషన్‌కి రూట్ వేరు కాబట్టి, మిగతా అన్నిట్లోనూ విడివిడిగా ఎక్కించేసరికి గూడూరు వాళ్ల రైలు వెళ్లిపోయింది.