బాగే ఆం నుంచి మీరాలం ఒడ్డుకు: హైదరాబాద్ జూ

హైదరాబాద్ జూ మొదట ఇప్పుడున్న చోట లేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, పాతవాళ్లు బాగే ఆం అని పిలిచే ఆ తోటలోనే, జంతువులను ఉంచేవారు. చోటు చాలక 1959లో మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో నెహ్రూ జూలాజికల్ పార్క్‌కు పునాది పడింది. 1963 అక్టోబర్ 6న జనానికి తెరిచారు.

చెరువు పక్కన ఉండటం వరమే, తంటా కూడా. వేసవిలో చల్లదనం, చెట్ల నిండా పక్షులు. భారీ వానలకు మీరాలం నిండి పొర్లితే మాత్రం నీళ్లు సఫారీ వైపు వస్తాయి, ఆ భాగం మూసేయాల్సిందే.

ఇక్కడ తప్పక తెలుసుకోవాల్సింది మూషిక జింకల సంగతి. మూడు కిలోల ప్రాణి. కొమ్ములుండవు, మగదానికి చిన్న కోరలుంటాయి. మహా బెరుకు, అలికిడైతే చాలు బెదిరిపోతుంది. అందుకే 2010లో హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన, అంతరించిపోతున్న జీవుల కోసం పనిచేసే ప్రయోగశాల లాకోన్స్‌తో కలిసి మొదలుపెట్టిన సంతానోత్పత్తి కేంద్రాన్ని సందర్శకులకు దూరంగా ఉంచారు. ఈతకు ఒకటే పిల్ల, చూలు దాదాపు ఐదు నెలలు. అయినా ఈనిన కొన్ని గంటలకే ఆడది మళ్లీ జతకడుతుంది కాబట్టి సంఖ్య త్వరగానే పెరిగింది. పెరిగినవాటిని నేరుగా అడవిలో వదిలితే తిండి వెతుక్కోలేవు, నక్కలకో అడవిపిల్లులకో చిక్కుతాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ముందు కంచె లోపల అడవికి అలవాటు చేసి, తర్వాతే వదిలారు. ఎంత ఓపిక పని!

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే పులులు నీడ వదలవు. సోమవారం సెలవు.